ఎర్బిల్‌లో కాలు విరిగితే ఎవరు కడతారు?

నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన ఒక మేస్త్రీ ఇరాక్‌లోని ఎర్బిల్‌లో మూడో అంతస్తు పరంజా మీద నుంచి జారిపడ్డాడనుకుందాం. తొడ ఎముక విరిగింది. అదే రోజు అదే ఊళ్లో ఒక చమురు కంపెనీ ఇంజినీరుకు కారు ప్రమాదంలో తొడ ఎముకే విరిగింది. లోపల వేయాల్సిన రాడ్డు ఒకే రకం, వేయగల సర్జన్లు ఊళ్లోనే ఉన్నారు. అయినా చీకటి పడేసరికి ఇద్దరి కథలూ వేరైపోతాయి. ఇంజినీరు విషయంలో దుబాయిలోనో లండన్‌లోనో ఉన్న బీమా సహాయ కేంద్రం నుంచి ఆసుపత్రికి లేఖ వస్తుంది: ఖర్చు మాది, చికిత్స మొదలుపెట్టండి అని. మేస్త్రీ తరఫున వచ్చినవాళ్లు క్యాష్ కౌంటరు ముందు నిలబడి, ఒకే గదిలో ఉండే పదిమంది దగ్గరా పోగుచేసిన దీనార్లు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. పంపించిన ఏజెంటు ఫోను ఎత్తడు.

దీన్ని ఉన్నవాడికీ లేనివాడికీ ఉండే మామూలు తేడాగా చూస్తే అసలు ముడి ఎక్కడుందో తెలియదు. మేస్త్రీ గతిని నిర్ణయించింది అతని జేబు కంటే ముందు అతని పాస్‌పోర్టు. ఏజెంటు అతన్ని విజిట్ వీసా మీద విమానం ఎక్కించాడు. ఆ ఒక్క పనితో పని ఒప్పందం, యజమాని బాధ్యత, భారత ప్రభుత్వ బీమా మూడూ ఒకేసారి తెగిపోయాయి. తెలంగాణ జిల్లాల నుంచి ఇరాక్‌కు, ముఖ్యంగా ఎర్బిల్ రాజధానిగా ఉత్తరాన స్వయంపాలన ఉన్న కుర్దిస్తాన్ ప్రాంతానికి, ఇలా వెళ్లి చిక్కుకున్నవాళ్ల కథలు కొత్తవి కావు. యుద్ధం నలిపేసిన దేశంలో విదేశీయుడికి వైద్యం ఎలా అందుతుంది, బీమా ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నది విడదీసి చూడటానికి ఇరాక్ కంటే మంచి ఉదాహరణ దొరకదు.

ముందు అక్కడి ఆసుపత్రుల సంగతి చూద్దాం.

1970లలో చమురు డబ్బుతో ఇరాక్ కట్టుకున్న వైద్య వ్యవస్థ అరబ్బు ప్రాంతంలో ముందు వరుసలో ఉండేది. 1980లలో బాగ్దాద్‌లోని ఇబ్న్ అల్ బితార్ ఆసుపత్రిని ఐర్లండ్ విమాన సంస్థ ఏర్ లింగస్‌కు చెందిన ఒక అనుబంధ కంపెనీ నడిపింది. విమాన సంస్థ ఆసుపత్రి నడపడం వింతగానే ఉంటుంది, కానీ నడిపింది. ఐర్లండ్ నుంచి నర్సులు వచ్చి అక్కడ పనిచేశారు. 1990 ఆగస్టులో సద్దాం కువైట్‌ను ఆక్రమించడం, వెంటనే ఐక్యరాజ్యసమితి ఆంక్షలు రావడంతో ఆ దశ ముగిసింది. ఆ తర్వాత పదమూడేళ్లు మందులకూ విడిభాగాలకూ కరువు. 2003లో అమెరికా దాడి తర్వాత దోపిడీలు, డాక్టర్ల అపహరణలు, హత్యలు. వేల సంఖ్యలో వైద్యులు దేశం వదిలి వెళ్లిపోయారు. పోయిన సీనియర్ల స్థానాన్ని ఇంతవరకూ పూర్తిగా భర్తీ చేసుకోలేకపోయారు.

ఇప్పటి పరిస్థితి రెండు పొరలుగా ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో రుసుము నామమాత్రం. అత్యవసరమైతే విదేశీయుణ్ణీ చేర్చుకుంటారు. కానీ పెద్ద డాక్టర్లు పొద్దున ప్రభుత్వ ఆసుపత్రిలో, మధ్యాహ్నం తర్వాత సొంత క్లినిక్కుల్లో ఉంటారు. రాత్రి వార్డును నడిపేది ఎక్కువగా జూనియర్లే. మందులు లోపల లేకపోతే బయట దుకాణంలో కొనుక్కు రావాలి. కొనుక్కు రావడానికి మనిషి ఉండాలి. ఆ మనిషిని అక్కడ మురాఫిక్ అంటారు, అంటే తోడుగా ఉండేవాడు. రోగికి అన్నం తేవడం, ఒళ్లు తుడవడం, రక్తపు సీసా పట్టుకుని పరుగెత్తడం, నర్సును పిలుచుకు రావడం అన్నీ మురాఫిక్ పనులే. మన ప్రభుత్వాసుపత్రుల్లో మంచం కింద చాప పరుచుకుని పడుకునే అటెండెంటును చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. తేడా ఒక్కటే: ఇరాకీ రోగి వెనక వంశమంతా ఉంటుంది, విదేశీ కూలీ వెనక ఎవరూ ఉండరు. గదిలోని సాటివాడు ఒకరోజు వస్తే ఆ రోజు కూలి పోతుంది, రెండోరోజు వస్తే పని పోతుంది.

సురక్షితమా అంటే అదీ లేదు. 2021 ఏప్రిల్ 24న బాగ్దాద్‌లోని ఇబ్న్ అల్ ఖతీబ్ ఆసుపత్రిలో, కోవిడ్ రోగులున్న చోట ఆక్సిజన్ సిలిండర్లు పేలి 80 మందికి పైగా చనిపోయారు. మూడు నెలలు తిరగకుండానే జులై 12న నాసిరియాలో మరో కోవిడ్ వార్డు కాలిపోయింది. బస్రాలో 2018 వేసవిలో తాగునీరు చెడిపోయి లక్ష మందికి పైగా ఆసుపత్రులకు చేరారు. ఈ మూడింటిలో ఒక్కటీ బాంబు వల్ల జరిగింది కాదు. యుద్ధం జరిగిన దేశంలో ఎక్కువ మందిని మంచాన పడేసేది నీరు, కరెంటు తీగ, రోడ్డు, ఎండ. బస్రాలో వేసవిలో ఉష్ణోగ్రత 50 డిగ్రీలకు చేరుతుంది. అక్కడ విదేశీయుడు తూటా గురించి భయపడటం సహజమే, కానీ ముందుగా ఆలోచించాల్సింది వడదెబ్బ గురించి, గుండె గురించి, కిడ్నీలో రాళ్ల గురించి.

అందుకే డబ్బు పెట్టగలిగిన ఎవరైనా ప్రైవేటు ఆసుపత్రికే పోతారు. ఎర్బిల్‌లో, సులైమానియాలో అలాంటివి బాగానే పెరిగాయి, కొన్నింట్లో మన దేశపు నర్సులూ కనిపిస్తారు. ఇక్కడ మొదటి ప్రశ్న పాలసీ ఉందా అన్నది కాదు, ముందు డబ్బు ఎవరు కడతారు అన్నది. హైదరాబాద్‌లో క్యాష్‌లెస్ కార్డు చూపించి చేరడానికి అలవాటుపడిన మనకు, బీమా కంపెనీకీ ఆసుపత్రికీ మధ్య ముందే ఒప్పందం ఉండాలన్న సంగతి గుర్తుండదు. ఎర్బిల్ ఆసుపత్రికి మన కంపెనీ పేరే తెలియకపోవచ్చు. అప్పుడు పాలసీ ఎంత పెద్దదైనా రోగి ముందు చేతి నుంచి పెట్టుకుని తర్వాత రీయింబర్స్‌మెంటు అడగాలి. బిల్లు అరబిక్‌లోనో కుర్దిష్‌లోనో ఉంటుంది. కోటి రూపాయల పాలసీ చేతిలో ఉండి, నగదు లేక స్ట్రెచర్ మీద ఆగిపోవడం ఇలాంటి చోట జరుగుతుంది. పైన చెప్పిన ఇంజినీరును కాపాడింది అతని పాలసీ మొత్తం కంటే, 24 గంటలూ ఫోను ఎత్తి హామీ లేఖ పంపే ఆ సహాయ కేంద్రం.

యుద్ధం అన్న మాట

ఇప్పుడు పాలసీ పుస్తకంలో ఎవరూ చదవని పేజీకి వద్దాం. మినహాయింపుల పేజీలో దాదాపు ప్రతి ఆరోగ్య, ప్రయాణ బీమాలోనూ ఒక వాక్యం ఉంటుంది: యుద్ధం, దురాక్రమణ, శత్రుదేశపు చర్య, అంతర్యుద్ధం, తిరుగుబాటు, సైనిక కుట్ర వీటి వల్ల కలిగే నష్టానికి మేము బాధ్యులం కాము, యుద్ధం ప్రకటించినా ప్రకటించకపోయినా. ఆ చివరి ముక్క ఊరికే పెట్టింది కాదు. ఇప్పటి యుద్ధాలను ఎవరూ ప్రకటించడం లేదు.

దీన్ని చూసి బీమా కంపెనీలను తిట్టిపోయడం తేలికే. కానీ లెక్క చూస్తే వాళ్ల భయం అర్థమవుతుంది. ఊళ్లో ఒక ఇల్లు కాలితే ఊరంతా తలా కొంత వేసుకుని మళ్లీ కట్టిస్తారు. ఊరే కాలితే చందా వేసేదెవరు? బీమా నడిచేది మొదటి లెక్క మీద. యుద్ధం రెండో రకం నష్టం తెస్తుంది, ఒకే రోజు అందరూ క్లెయిమ్ చేసే నష్టం. కాబట్టి దాన్ని మామూలు పాలసీలోంచి తీసేసి, కావాలన్నవాళ్లకు విడిగా, ఎక్కువ ధరకు అమ్ముతారు. ఆ విడి పాలసీల్లోనూ ఒక గీత ఉంటుంది. యుద్ధంలో పాల్గొన్నవాడికి ఇవ్వరు, దారిన పోతూ దెబ్బతిన్నవాడికి ఇస్తారు. సైనిక శిబిరంలో వంట చేసేవాడు ఆ గీతకు ఏవైపు ఉంటాడు? ఆయుధం పట్టిన కాపలాదారు? సమాధానం పాలసీని బట్టి మారుతుంది. వాదన మొదలయ్యేది కూడా ఇక్కడే.

ఇంకా చిక్కు కారణం దగ్గర వస్తుంది. 2022 మార్చి 13న ఇరాన్ ఎర్బిల్ మీద బాలిస్టిక్ క్షిపణులు వేసింది. 2024 జనవరి 15 రాత్రి మళ్లీ వేసింది, ఆ రాత్రి పౌరులు చనిపోయారు. అలాంటి క్షిపణి పడి గాయపడితే అది యుద్ధమే అని కంపెనీ అంటుంది. ఒక సాయుధ ముఠా డ్రోన్ పంపితే అది యుద్ధమా, ఉగ్రవాదమా? కొన్ని పాలసీలు ఉగ్రవాదానికి ఇచ్చి యుద్ధానికి ఇవ్వవు. సైరన్ మోగిందని మెట్లు దిగుతూ పడి కాలు విరిగితే? పేలుళ్ల రాత్రి గుండెపోటు వస్తే? రోడ్లు మూసేయడంతో డయాలిసిస్‌కు వెళ్లలేక పరిస్థితి విషమిస్తే? వీటన్నిటికీ చివరి జవాబు పాలసీలోని ఒక చిన్న మాటలో దాగి ఉంటుంది. నష్టం యుద్ధం వల్ల 'నేరుగా' కలిగితేనే మినహాయింపు అని రాసి ఉంటే మెట్ల మీద పడ్డవాడికి ఆశ ఉంది. 'నేరుగా గానీ పరోక్షంగా గానీ' అని ఉంటే లేదు. నన్నడిగితే, పాలసీలో బీమా మొత్తం కంటే ముందు వెతకాల్సిన మాట అదే.

దీనికి తోడు రెండు చిన్న షరతులు ఉంటాయి. సొంత ప్రభుత్వం వెళ్లవద్దని హెచ్చరించిన చోటికి వెళ్తే కొన్ని పాలసీలు పనిచేయవు. గొడవ మొదలయ్యాక కొన్న పాలసీ ఆ గొడవకు వర్తించదు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వినట్టే.

విమానం వస్తుందా

పాలసీ కరపత్రాల్లో ఎప్పుడూ ఒక తెల్లటి విమానం బొమ్మ ఉంటుంది. ఎయిర్ అంబులెన్సు ఖర్చు పదుల వేల డాలర్లలో ఉంటుంది కాబట్టి ఆ బొమ్మకు విలువ ఉన్నమాట నిజం. కానీ ఆ విమానం రావాలంటే ఎన్ని పనులు జరగాలో చూడండి. రోగి ఎగరడానికి తట్టుకుంటాడని డాక్టరు రాయాలి. తలలో రక్తం కారుతున్నవాణ్ణి, ఛాతీలో గాలి చిక్కుకున్నవాణ్ణి అలాగే ఎత్తుకు తీసుకెళ్తే దారిలోనే ప్రాణం పోవచ్చు. అంటే పంపించే ముందు అక్కడే, ఆ ఊరి ఆసుపత్రిలోనే, నిలకడకు తేవాలి. చేరే ఆసుపత్రిలో మంచం దొరకాలి. చేరే దేశం రోగికి వీసా ఇవ్వాలి. పాలసీ భాషలో తరలింపు అంటే 'దగ్గరలోని తగిన ఆసుపత్రి'కి, ఇంటికి కాదు. ఏది తగినదో నిర్ణయించేది రోగి తాలూకు వాళ్లు కాదు, సహాయ కేంద్రపు డాక్టరు. ఎర్బిల్‌లోనే చేయగలరని ఆయన అనుకుంటే విమానం రాదు. కుటుంబం సొంతంగా విమానం మాట్లాడుకుంటే ఆ బిల్లును కంపెనీ తిప్పికొట్టగలదు.

ఆపైన ఆకాశం తెరిచి ఉండాలి. కుర్దిస్తాన్ స్వాతంత్ర్య రెఫరెండం తర్వాత 2017 సెప్టెంబరు చివరి నుంచి 2018 మార్చి దాకా ఎర్బిల్, సులైమానియాలకు అంతర్జాతీయ విమానాలను బాగ్దాద్ ఆపేసింది. అప్పుడు బయటికి పోవాలంటే బాగ్దాద్ మీదుగా పోవాల్సి వచ్చింది. కుర్దిస్తాన్ ఇచ్చే వీసాతో చాలా ఏళ్లపాటు మిగతా ఇరాక్‌లో అడుగుపెట్టడానికి వీలుండేది కాదు. చెక్‌పోస్టులో సైనికుడు చూసేది కట్టు కట్టిన కాలును కాదు, కాగితాన్ని. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్‌ల మధ్య దాడులు మొదలవగానే ఇరాక్ గగనతలం మూసేసింది. అలాంటి రోజుల్లో రెండు దేశాల గొడవకు మూడో దేశంలోని నాలుగో దేశపు రోగి ఆగిపోతాడు.

మన మేస్త్రీకి ఇవన్నీ దాటినా ఇంకొకటి మిగులుతుంది. విజిట్ వీసా గడువు దాటి ఉంటే జరిమానా కట్టి, అనుమతి తెచ్చుకోనిదే ఇమిగ్రేషన్ కౌంటరులో స్టాంపు పడదు. స్ట్రెచర్ మీద ఉన్నవాడికైనా అదే నియమం.

బయటికి తెచ్చాక కూడా యుద్ధం వెంట వస్తుంది, కంటికి కనపడని రూపంలో. ఇరాక్‌లో గాయపడిన అమెరికన్ సైనికుల గాయాల్లో మందులకు లొంగని అసినెటోబాక్టర్ అనే సూక్ష్మజీవి ఎంతగా కనిపించిందంటే, డాక్టర్లు దానికి ఇరాకీబాక్టర్ అని ముద్దుపేరు పెట్టారు. యుద్ధప్రాంతం నుంచి వచ్చిన రోగిని ముందు విడి గదిలో ఉంచి పరీక్షలు చేయడం చాలా ఆసుపత్రుల పద్ధతి. ఎముక అతకడానికి పట్టే కాలం కంటే చీము ఆగడానికి పట్టే కాలం ఎక్కువ కావచ్చు. చిన్న పరిమితి ఉన్న పాలసీ కరిగిపోయేది ఇక్కడే.

బీమా ఎంతున్నా మొదటి గంటను కొనలేమనడానికి బాగ్దాద్‌లోనే ఒక సాక్ష్యం ఉంది. 2003 ఆగస్టు 19న కెనాల్ హోటల్‌లోని ఐక్యరాజ్యసమితి కార్యాలయాన్ని ట్రక్కు బాంబుతో పేల్చారు. 22 మంది చనిపోయారు. శిథిలాల కింద సమితి ప్రత్యేక ప్రతినిధి సెర్జియో వియేరా డి మెల్లో, ఆయనను కలవడానికి వచ్చిన పరిశోధకుడు గిల్ లోషర్ చిక్కుకున్నారు. ఆ క్షణాన బాగ్దాద్‌లో వాళ్లకంటే పలుకుబడి ఉన్న విదేశీయులు అరుదు. కాంక్రీటు కోసే పరికరాలు మాత్రం అక్కడ లేవు. ఇద్దరు అమెరికన్ సైనికులు సందులో దూరి, కిటికీ తెర తాడుకు ఒక ఆడవారి చేతిసంచి కట్టి, అందులో ఇటుక ముక్కలు నింపి పైకి పంపుతూ తవ్వారు. లోషర్ కాళ్లను అక్కడే రంపంతో కోసి బయటికి తీశారు. ఆయన జర్మనీలోని సైనిక ఆసుపత్రికి చేరి బతికారు. డి మెల్లో శిథిలాల కిందే కన్నుమూశారు.

తర్వాతి కాలంలో సమితి శాంతిదళాల వైద్యానికి 10-1-2 అనే కొలత పెట్టుకుంది. పది నిమిషాల్లో ప్రథమ చికిత్స, గంటలో ప్రాణం నిలిపే వైద్యం, రెండు గంటల్లో ఆపరేషన్ అని అర్థం. చమురు క్షేత్రాల పెద్ద కంపెనీలూ శిబిరంలోనే క్లినిక్కు, డాక్టరు, అంబులెన్సు పెట్టుకుంటాయి. అంటే సంఘర్షణ దేశంలో బాగా రక్షణ ఉన్న విదేశీయుడు బీమాను నమ్ముకోడు. తన వైద్యాన్ని తనతో మోసుకుపోతాడు. బీమా ఆ తర్వాత సంగతి.

275 రూపాయల కాగితం

మరి మనవాడి చేతిలో ఏముంది? భారత ప్రభుత్వం 2003లో మొదలుపెట్టి తర్వాత మార్పులు చేస్తూ వచ్చిన ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు ప్రీమియం, పైన పన్ను. ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. గాయానికో జబ్బుకో ఆసుపత్రిలో చేరితే లక్ష రూపాయల దాకా, అదీ ఒక్కోసారికి 50 వేలు మించకుండా. ఆరోగ్యం పనికిరాదని తేలితే ఇంటికి విమాన టిక్కెట్టు. చనిపోతే శరీరాన్ని తెచ్చే ఖర్చు, వెంట ఒకరి ప్రయాణం. ఆ ప్రీమియానికి ఇది నిజంగా మంచి బేరం. సినిమాకు నలుగురు వెళ్తే అంతకంటే ఎక్కువే అవుతుంది.

కానీ రెండు చోట్ల జాగ్రత్తగా చదవాలి. ఒకటి, 10 లక్షలు ప్రమాదానికే. ఎండలో పనిచేసి వచ్చి రాత్రి నిద్రలో గుండె ఆగిపోయినవాడి కుటుంబానికి ఆ మొత్తం రాదు. పరాయి దేశాల్లో మన కూలీల మరణ వార్తల్లో ఈ 'నిద్రలోనే' అన్న మాట ఎంత తరచుగా కనిపిస్తుందో పేపరు చదివేవాళ్లకు తెలుసు. రెండు, 50 వేలు అంటే కొన్ని వందల డాలర్లు. ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో అది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పనక్కరలేదు.

ఈ బీమా అందరికీ దానంతట అది రాదు. పదో తరగతి పాసవని వాళ్లకు ఇచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే విదేశీ పనికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరైనది, ఉండి, ఇరాక్, లిబియా, సూడాన్, యెమెన్, అఫ్గానిస్తాన్, సిరియా వంటివి ఉన్న 18 దేశాల జాబితాలోని చోటికి కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటు ద్వారా అనుమతి తీసుకుని పనికి వెళ్లేవాళ్లకు అది తప్పనిసరి. పదో తరగతి పాసైతే అనుమతి అక్కరలేని పాస్‌పోర్టు వస్తుంది. అనుమతి అక్కరలేదు కాబట్టి బీమా కూడా ఎవరూ అడగరు. తండ్రి చదువుకోలేదు, బీమాతో వెళ్లాడు. కొడుకు పది పాసయ్యాడు, అదే పరంజా ఎక్కడానికి బీమా లేకుండా వెళ్లాడు. చదువుకున్నవాడు తన సంగతి తాను చూసుకుంటాడని ఈ నియమం రాసినవాళ్లు అనుకున్నట్టుంది. సిమెంటు తట్ట మోసేవాడికి పదో తరగతి మార్కుల జాబితా ఏ రకంగా రక్షణో నాకు అర్థం కాదు.

విజిట్ వీసా మీద వెళ్లినవాడు ఈ రెండింటికీ బయట ఉంటాడు. కాగితం ప్రకారం అతను కూలీయే కాదు, చుట్టపుచూపుగా వచ్చినవాడు. యజమాని గుర్తించనక్కరలేదు, కార్మిక చట్టం కింద నిలబడటానికి పర్మిట్ లేదు, మన బీమాకు ఈ-మైగ్రేట్ నంబరు లేదు. ఏజెంటు చేతికి పంపింది టూరిస్టు పాలసీ అయితే, కూలి పని చేస్తుండగా పడ్డానని చెప్పిన మరుక్షణం అదీ చెల్లకపోవచ్చు. విహారయాత్రకు కొన్న పాలసీల్లో శారీరక శ్రమతో కూడిన పనికి మినహాయింపు ఉండటం మామూలే.

అతనికి మిగిలిన దారి భారత దౌత్య కార్యాలయం. బాగ్దాద్‌లో రాయబార కార్యాలయం, ఎర్బిల్‌లో కాన్సులేట్ ఉన్నాయి. 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి దిక్కులేని కేసుల్లో అత్యవసర వైద్యానికి, ఇంటికి పంపడానికి, శరీరాన్ని తేవడానికి ఖర్చు పెట్టే వీలుంది. అది హక్కుగా వచ్చేది కాదు, పరిస్థితి చూసి ఇచ్చేది. కాబట్టి పాస్‌పోర్టు నకలు, వీసా, డాక్టరు కాగితం, ఎవరు పంపారన్న వివరం వెంటనే చేతికి అందితే పని కదులుతుంది. గడువు దాటి ఉన్నానన్న భయంతో కాన్సులేట్ గడప తొక్కనివాళ్లు ఎక్కువ. రోగం ముదిరేది ఆ భయంలోనే.

అమెరికా సైన్యం కాంట్రాక్టుల కింద ఇరాక్, అఫ్గానిస్తాన్ శిబిరాల్లో వంట, లాండ్రీ, డ్రైవింగు పనులకు వెళ్లినవాళ్లది పూర్తిగా వేరే దారి. 1941 నాటి డిఫెన్స్ బేస్ చట్టం ప్రకారం ఆ కాంట్రాక్టరు ఏ దేశపు పనివాడికైనా బీమా చేయించాలి. వైద్యం ఖర్చు, వైకల్యమైతే వారపు జీతంలో మూడింట రెండు వంతులు. యుద్ధం వల్లే గాయమైతే మరుసటి ఏటి యుద్ధ ప్రమాదాల చట్టం కింద ఆ సొమ్మును అమెరికా ప్రభుత్వం బీమా కంపెనీకి తిరిగి ఇస్తుంది. ఎక్కడా దొరకని యుద్ధ బీమా ఇక్కడ చట్టంగానే ఉంది. కానీ అందులోనూ ఒక మెలిక: అమెరికావాడు కాని, అక్కడ నివసించని పనివాడికి రాబోయే వాయిదాలన్నిటినీ లెక్కగట్టి, దానిలో సగం ఒకేసారి ఇచ్చి ముగించే వీలు చట్టంలోనే రాసి ఉంది. గాయపడింది తెలుగువాడైతే సగం ధర. ఆ సగం కూడా తనకు వస్తుందని తెలియక ఊరికి తిరిగొచ్చినవాళ్లు ఉండే ఉంటారు. కాంట్రాక్టు ఎవరిది, దాని పైకాంట్రాక్టు ఎవరిది అన్నది రాసి పెట్టుకోవడం అందుకే అవసరం.

ఈ కథలో ఒక తమాషా కూడా ఉంది. వైద్యం కోసం మన దేశానికి వచ్చే విదేశీయుల్లో ఇరాకీలు ముందు వరుసలో ఉంటారు. హైదరాబాద్‌లోని పెద్ద ఆసుపత్రుల లాబీల్లో అరబిక్ దుబాసీలు కనపడటం అందుకే. ఎర్బిల్ మీదుగా రెండు వరుసలు నడుస్తున్నాయి. గుండె ఆపరేషనుకు ఇరాకీ హైదరాబాద్ వస్తాడు, పక్కన ఇద్దరు మురాఫిక్‌లతో. అతని ఊళ్లో ఇల్లు కట్టడానికి నిజామాబాద్ మేస్త్రీ ఎర్బిల్ పోతాడు, ఒంటరిగా. ఇరాక్ 2020లో ఆరోగ్య బీమా చట్టం చేసుకుంది. అమలు నత్తనడకే. సొంత పౌరులే ఇల్లు అమ్మి విదేశీ వైద్యానికి పోతున్న చోట, విజిట్ వీసా కూలీ వంతు వచ్చేదెప్పుడు?

ప్రాణమే పోతే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. శరీరం రావడానికి స్థానిక మరణ ధ్రువపత్రం, పోలీసు, ఫోరెన్సిక్ కాగితాలు, దౌత్య కార్యాలయం అనుమతి కావాలి. ఒక్కటి ఆగినా వారాలు గడుస్తాయి. శంషాబాద్‌లో దిగాక ఊరిదాకా తెలంగాణ ప్రభుత్వం ఉచిత అంబులెన్సు ఇస్తుంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల పరిహారం కూడా ప్రకటించింది, ఆ జాబితాలో ఇరాక్ ఉంది. దీనికి ప్రమాదమా, గుండెపోటా అన్న తేడా లేదు. కేంద్ర బీమా వదిలేసిన ఖాళీని ఇది కొంత పూడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు ప్రవాసాంధ్ర భరోసా పేరుతో విడి బీమా పథకం ఉంది. ఇవి ఎక్కువగా పోయాక వచ్చేవి. ఉన్నప్పుడు పనికొచ్చేవి మళ్లీ ఆ మూడు ముక్కలే: ఏ వీసా, ఏ పాలసీ, ఎవరి ఫోను.

వెళ్లడం ఖాయమైతే నేను మా ఊరివాళ్లకు చెప్పేది చిన్నది. పది పాసైనా సరే, బయల్దేరే ముందే ప్రమాద బీమా ఒకటి కొనుక్కో. సహాయ కేంద్రం నంబరుకు ఇంటినుంచే ఒకసారి ఫోన్ చేసి చూడు, రాత్రి పదకొండుకు. ఎత్తి 'ఎర్బిల్‌లో ఏ ఆసుపత్రికి వెళ్లాలి' అంటే పేరు చెప్పగలిగారో లేదో విను. చెప్పలేకపోతే ఆ కాగితం విలువ అక్కడే తెలిసిపోతుంది. బీపీ, షుగర్ ఉంటే దాచకు, దాచిన జబ్బే క్లెయిమ్ కొట్టేయడానికి మొదటి సాకు. మూడు నెలల మాత్రలు, మందు అసలు పేరు రాసిన చీటీ వెంట ఉంచుకో. అక్కడ దిగాక గదిలో పక్క మంచం మీద ఉన్నవాడి ఫోనులో పాలసీ కాగితం, పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా, కాన్సులేట్ నంబరు, ఇంట్లోవాళ్ల నంబరు ఫొటో తీసి పెట్టు. నీ ఫోను పరంజా కింద ముక్కలైపోయిన రోజున ఆసుపత్రిలో నీ మురాఫిక్ అతనే.